చక్రాల మీద ఇల్లు - తొమ్మిది రోజుల కాపురము



"అమెరికాకు పోయి బండిలో పండుకున్నరట గదా, కొడుకుకు ఇల్లు లేదా ఏంది?" అని మా సంఘములో ఒక పెద్దమ్మ అడిగింది. ఆరాధన ముగిసి అందరము చెట్టు కింద నిలబడి ఉన్నప్పుడు అడిగింది కాబట్టి అందరూ నవ్వారు. మేము కూడా నవ్వాము. కాని ఆ ప్రశ్నకు జవాబు నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇది రాస్తున్నాము.

మాది రఘునాథపల్లి. హైదరాబాదు నుండి వరంగల్ పోయే పెద్ద రోడ్డు మీద, జనగామ దాటినాక వస్తుంది. పుట్టింది మొదలు వరంగల్ జిల్లా అని రాసుకున్నవాళ్లము. 2016 అక్టోబరులో మా మండలము జనగామ జిల్లాలోకి వచ్చింది. మా పెద్దబ్బాయి డల్లాస్ నగరములో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేస్తున్నాడు. 2023 వేసవిలో మమ్మల్ని పిలిపించుకున్నాడు. ఇది మేమిద్దరము కూర్చుని రాసినది. ఎవరు ఏమి చేసినదీ చెప్పవలసి వచ్చినచోట పిల్లలు పిలిచినట్టే అమ్మ, బాపు అని రాసుకుంటున్నాము.

అక్కడికి పోయిన నెల రోజులకే మాకు ఒక సంగతి అర్థమైంది. ఇల్లు పెద్దది, అందులోని మనుషులు ఎవరి గదిలో వారు. అబ్బాయి పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. కోడలిదీ ఉద్యోగమే. మనవడికి పదేళ్లు, మనవరాలికి ఆరు. వాళ్లకు మా మాట సగము అర్థము కాదు, మాకు వాళ్ల మాట సగము అర్థము కాదు. ఇది గ్రహించాడో ఏమో, ఒకనాడు అబ్బాయి వచ్చి, "బాపూ, పది రోజులు సెలవు పెట్టిన. మోటారు హోము కిరాయికి తీసుకుంటున్న. అందరము కలిసి గ్రాండ్ కాన్యన్ పోదాము" అన్నాడు.

ఇల్లా, బండా?

మోటారు హోము అంటే లారీ వంటి బండి మీద కట్టిన ఇల్లు. మేము తీసుకున్నది 28 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. లోపల గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, చేతులు కడిగే తొట్టి, స్నానపు గది, మరుగుదొడ్డి ఉన్నాయి. వెనుక ఒక మంచము. డ్రైవరు తల మీదుగా అటకలాంటి చోటు ఉంది, పిల్లలు అక్కడ పడుకుంటారు. పగలు అన్నము తినే బల్లను కిందికి దించితే రాత్రికి పరుపు అవుతుంది. ఇంతే. ఆ ఇంట్లో ఆరుగురము.

మన పాతకాలపువాళ్లకు ఇది మరీ కొత్త సంగతి కాదు. మా చిన్ననాడు దూరప్రయాణానికి పైన గూడు కట్టిన ఎడ్లబండ్లే. బియ్యము, ఉప్పు, చింతపండు, కుండ, చాప అన్నీ అందులోనే. చెట్టు కనబడితే ఎడ్లను విప్పి మూడు రాళ్లు పెట్టి వండుకునేవారు. దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు (1874 - 1945) కూడా ఎడ్లబండ్ల మీద పోతూ, గుడారములలో ఉంటూ పల్లెలు తిరిగారు. ఎడ్ల స్థానములో ఇంజను వచ్చిందని అనుకున్నాము. కాని తేడా ఉంది. అది ఏమిటో మూడవ రోజున తెలిసింది.

మొదటి రాత్రి, మొదటి పాఠము

బుధవారము పొద్దున బయలుదేరాము. అంత పెద్ద బండిని అబ్బాయి తన మామూలు కారు లైసెన్సు మీదనే నడపవచ్చునట. కిరాయికి ఇచ్చినవాళ్లు అరగంటసేపు అన్నీ చూపించారు. బండి నడుస్తున్నప్పుడు ఎవరూ లేచి తిరగరాదు, బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. పెట్రోలు పోయించేటప్పుడు గ్యాసు కట్టివేయాలి. మలుపు తిరిగేటప్పుడు బండి తోక ఎక్కడ తగులుతుందో చూసుకోవాలి. అమ్మ ఒక్కటే అడిగింది, "అలమారలకు గొళ్లెము ఉందా?" అని. ఉంది. లేకపోతే మొదటి మలుపులోనే చింతకాయ తొక్కు సీసా కింద పడేది.

ఆ రాత్రి టెక్సాస్‌లోనే, అమరిల్లో ఊరి దగ్గర పాలో డ్యూరో అనే లోయలో ఆగాము. ఎర్రటి రాతి గోడల మధ్య పార్కు అది. ప్రతి బండికి ఒక స్థలము, అక్కడొక నల్లా, ఒక కరెంటు పెట్టె, ఒక బల్ల. పైపు తగిలిస్తే నీళ్లు, తీగ తగిలిస్తే దీపాలు. అమ్మ సంతోషముగా పొయ్యి ముట్టించి పప్పుకు పోపు పెట్టింది. ఎండు మిరపకాయ చిటపటమన్నదో లేదో, పైకప్పులో ఉన్న పొగ గంట చెవులు పగిలేటట్టు మోగింది. మనవరాలు ఏడ్చింది. పక్క బండి నుండి ఒకాయన పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి నవ్వి పోయాడు. అప్పటినుండి పోపు పని బయట బల్ల మీదనే. చిన్న గ్యాసు పొయ్యి ఒకటి అబ్బాయి మరునాడు కొన్నాడు.

అంతటితో అయిపోలేదు. భోజనాలయ్యాక అమ్మ నల్లా విప్పి గిన్నెలన్నీ తోమింది. ఇద్దరు స్నానాలు చేశారు. కాసేపటికి స్నానపు గది నేలలోనుండి మురికి నీళ్లు పైకి రావడము మొదలైంది. అందులో అన్నము మెతుకులు కూడా ఉన్నాయి!

అప్పుడు అబ్బాయి మూడు ట్యాంకుల లెక్క చెప్పాడు. బండి కింద మంచినీళ్ల ట్యాంకు ఒకటి, సుమారు 150 లీటర్లు. గిన్నెలు, స్నానము నీళ్లు చేరే ట్యాంకు ఇంకొకటి. మరుగుదొడ్డి ట్యాంకు మూడవది, దానిని అక్కడివారు నల్ల ట్యాంకు అంటారు. నల్లా నుండి నీళ్లు ఎన్నైనా వస్తాయి గాని, పోవడానికి ఆ స్థలములో దారి లేదు. వాడిన నీళ్ల ట్యాంకు నిండితే ఎక్కడ పల్లము ఉంటే అక్కడికి వస్తుంది. బండిలో పల్లము స్నానపు గది నేల.

మన ఇండ్లలో నీళ్లు ఎక్కడినుండి వస్తాయో చూస్తాము, ఎక్కడికి పోతాయో చూడము. ఆ రాత్రి మొదటిసారి చూశాము. పొద్దున పార్కులోనే ఉన్న పారబోసే చోట ఆ ట్యాంకు ఒక్కటి ఖాళీ చేసుకుని బయలుదేరాము.

ఆల్బుకెర్కీలో ఆ ఉదయము

రెండవ రోజు న్యూమెక్సికో రాష్ట్రములోని ఆల్బుకెర్కీ పట్టణము చేరాము. దారిలో గడియారము ఒక గంట వెనుకకు తిప్పుకున్నాము. అమరిల్లో దాటగానే పొలములో పది పాత కార్లను ముక్కు కిందికి పెట్టి సగము వరకు పాతిపెట్టి ఉంచారు. 1974లో కొందరు కళాకారులు చేసిన పని. పిల్లలకు అది తెగ నచ్చింది. "మంచి కార్లు మట్టిపాలు చేసిండ్రు" అన్నాడు బాపు.

మూడవ రోజు పొద్దున, శుక్రవారము, నల్ల ట్యాంకు ఖాళీ చేయవలసి వచ్చింది. మేము దిగిన చోట ప్రతి స్థలములోనూ నేలలో మూత పెట్టిన మురుగు గొట్టము ఉంది. అబ్బాయి రబ్బరు తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టము పట్టుకుని బండి పక్కన గొంతుకూర్చున్నాడు.

బాపు చాయ తాగుతూ అది చూశాడు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"నువ్వు ముట్టకు. ఎవరినన్న పిలువు. పైసలు నేనిస్త."

"పిలవడానికి ఇక్కడ ఎవరూ ఉండరు బాపూ. ఎవరిది వాళ్లే తీసుకోవాలె."

"ముట్టకు అంటున్న గదా!"

బాపు గొంతు అంత పెద్దది కావడము మేము ఎన్నడూ వినలేదు. పిల్లలు కిటికీలోనుండి చూస్తున్నారు. అబ్బాయికి ఏమీ అర్థము కాలేదు. కాసేపు ఆగి, తల వంచుకుని తన పని తాను చేశాడు. పక్క స్థలములో తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన అవే తొడుగులు వేసుకుని అదే పని చేస్తున్నాడు. ఆయన పిల్లల వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాడని ముందటి రాత్రే చెప్పాడు. పని అయ్యాక చేతులు కడుక్కుని, అబ్బాయికి చెయ్యి ఊపి, కాఫీ తాగడానికి లోపలికి పోయాడు.

ఆ రోజంతా బాపు మాట్లాడలేదు. అరిజోనా రాష్ట్రములో రాయిగా మారిన చెట్లు ఉన్న పార్కు చూపించారు. ఎండలో పడి ఉన్న మొద్దులు చూడటానికి కట్టెలే, ముట్టుకుంటే రాళ్లు. 20 కోట్ల సంవత్సరాల పైబడినవని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. చిన్న ముక్క కూడా తీసుకుపోరాదు, అది చట్టము. మనవడు ఎన్నో ప్రశ్నలు అడిగాడు. బాపు ఒక్కదానికీ బదులు చెప్పలేదు. కోడలు అమ్మను పక్కకు పిలిచి, "అత్తయ్యా, మావల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగింది. అమ్మకు సంగతి తెలుసు. కాని అది ఆమె చెప్పవలసిన సంగతి కాదు.

పది బిందెల నీళ్లు

శనివారము సాయంత్రానికి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు చేరాము. కొలరాడో నది కోసుకుంటూ పోయిన లోయ అది. పొడవు 446 కిలోమీటర్లు, అంటే దాదాపు హైదరాబాదు నుండి నెల్లూరు పోయినంత దూరము. లోతు ఒకటిన్నర కిలోమీటరు పైనే. 1919లో దానిని జాతీయ పార్కుగా ప్రకటించారు. అంచున నిలబడితే కింది నది దారములాగా కనబడుతుంది, కొన్నిచోట్ల అసలే కనబడదు. దాని గురించి పుస్తకాలలో చాలా రాశారు. మేము చెప్పగలిగింది ఒక్కటే: అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడటము లేదు. చర్చిలోకి వచ్చినట్టు అందరూ గొంతు తగ్గించుకుంటున్నారు.

మేము దిగిన క్యాంపులో బండికి తగిలించే నల్లా లేదు, కరెంటు లేదు. మోసుకొచ్చిన 150 లీటర్లతోనే ఆరుగురము రెండు రాత్రులు గడపాలి. మన లెక్కలో పది బిందెలు. ఇప్పుడు అమ్మ పెత్తనము మొదలైంది. ఊరి బావి నుండి నెత్తిన బిందె, చంకన బిందె పెట్టుకుని తెచ్చిన మనిషి ఆమె. ఎంత నీటితో ఏమి చేయవచ్చునో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. గిన్నెలు ముందు కాగితముతో తుడవాలి. చెంబుడు నీళ్లతో తోమాలి, చెంబుడుతో కడగాలి. స్నానము బదులు తడిగుడ్డ. బియ్యము కడిగిన నీళ్లు పచ్చిపులుసులోకి. "నానమ్మ లీడర్" అన్నాడు మనవడు. సోమవారము పొద్దునకు కూడా ట్యాంకులో నీళ్లు మిగిలాయి. డల్లాస్ ఇంట్లో ఏ మీటా ఎలా నొక్కాలో తెలియక కూర్చున్న అమ్మ, ఆ బండిలో ఇంటికి పెద్ద అయింది.

ఆదివారము పొద్దున లోయ అంచున కూర్చుని కుటుంబ ప్రార్థన చేసుకున్నాము. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన భాగము చదవడము కోడలి వంతుకు వచ్చింది. ఎవరూ ఏరి పెట్టింది కాదు, ఆమె రోజువారీగా చదువుకునే వరుసలో అది వచ్చింది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు.

ఆ రాత్రి చెప్పిన మాట

సముద్రమట్టానికి 7,000 అడుగుల ఎత్తు కావడముతో జూన్ నెలలో కూడా రాత్రి చలి. బల్ల తీసేసి పరుపు వేసి, ఆరుగురము దుప్పట్లు కప్పుకుని దగ్గరదగ్గరగా కూర్చున్నాము. పోవడానికి వేరే గది లేదు. ఫోనులో సిగ్నలు లేదు. అప్పుడు బాపు మొదలుపెట్టాడు.

"మా నాయిన వరంగల్‌లో పాకీ పని చేసిండు. మీకెవ్వరికి చెప్పలే."

కరువులో ఊరు విడిచి పట్టణము పోతే దొరికిన పని అది. తెల్లవారకముందే ఇండ్ల వెనుక సందులలో పోయి, మరుగుదొడ్ల కింద ఉన్నది రేకుతో గోకి డబ్బాలో ఎత్తి, నెత్తి మీద మోసుకుపోవాలి. వానకాలములో డబ్బా కారి ముఖము మీద పడేది. ఆయనకు జీతము ఇచ్చేవారు, కాని చేతికి ఇచ్చేవారు కాదు, నేల మీద పెట్టేవారు. ఇంటికి వచ్చాక ఎంత కడుక్కున్నా, కొడుకును ఎత్తుకునేవాడు కాదు. బాపును మిషను బోర్డింగులో చేర్పించిన రోజున మాత్రము భుజము మీద చెయ్యి వేసి, "నువ్వు, నీ పిల్లలు గిది ముట్టద్దు" అన్నాడట. బాపు చదువుకుని బడిపంతులు అయ్యాడు. ఆ మాట మాత్రము మరవలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

"ఇంజనీరు చేసిన. అమెరికా పంపిన. ఇన్నేండ్లకు నువ్వు చేతులు పెట్టంగ చూసిన. నా పాణము ఆగలే" అన్నాడు.

బండిలో నిశ్శబ్దము. అబ్బాయి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. మనవడికి కోడలు ఇంగ్లీషులో మెల్లగా చెబుతోంది. అంతా విని వాడు ఒకే ప్రశ్న అడిగాడు.

"తాతా, మీ నాయినకు గ్లౌజులు ఉండెనా?"

"లేవు బిడ్డా."

వాడు లేచి వచ్చి బాపు ఒడిలో కూర్చున్నాడు. ఎంత రాత్రి వరకు అలా కూర్చున్నామో తెలియదు.

ఆ రాత్రి మాకు అర్థమైంది ఇది: అవమానము ఆ పనిలో లేదు. ఒకరి మురికి ఎల్లప్పుడూ ఇంకొకరే ఎత్తాలి, ఆ ఎత్తేవాడి చేతికి ఒక గుడ్డపేలిక అయినా ఇవ్వనక్కరలేదు, అతడిని తాకనక్కరలేదు అనుకోవడములో ఉంది. వైద్యుడైనా, ఇంజనీరైనా తనది తాను తీసుకునేచోట ఆ పనికి కులము లేదు. అమెరికాలో తప్పులు లేవని కాదు, అక్కడి సంగతులు వేరే ఉన్నాయి. కాని ఆ బండి వరకు నియమము అది.

సోమవారము బయలుదేరే ముందు క్యాంపులోని పారబోసే చోట బండి ఆపాము. అబ్బాయి తొడుగులు తీస్తుంటే, "నాకియ్యి" అన్నాడు బాపు. అబ్బాయి చెప్పినట్టు ముందు నల్ల ట్యాంకు, ఆ తరువాత గిన్నెల నీళ్ల ట్యాంకు విప్పాడు. రెండవది విప్పితే ఆ నీళ్లకు గొట్టము కడుక్కుపోతుంది. మనవడు చిన్న తొడుగులు వేసుకుని గొట్టము చివర పట్టుకున్నాడు. పది నిమిషాల పని. చేతులు కడుక్కున్నాక బాపు ఆకాశము వైపు ఒక్కసారి చూసి బండెక్కాడు. తిరుగు ప్రయాణములో అమరిల్లో దాటాక, గ్రూమ్ అనే చిన్న ఊరి దగ్గర 1995లో నిలబెట్టిన 190 అడుగుల సిలువ దూరము నుండే కనబడింది. దాని నీడలో ఆగి అన్నము తిన్నాము. అక్కడ బాపే అందరికీ వడ్డించాడు.

మొదటిసారి వెళ్లేవారికి

మన సంఘాలలో పిల్లలు విదేశాలలో ఉన్నవారు చాలామందే ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు. ఇది చవక ప్రయాణమని అనుకోవద్దు. బండి కిరాయి, మైలుకు ఇంత అని, స్థలానికి రోజుకు ఇంత అని కలుపుకుంటే హోటలు ఖర్చుకు తక్కువ కాదు. పెట్రోలు లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా కష్టము. మేము తిరిగినది సుమారు 3,600 కిలోమీటర్లు. రోజుకు అయిదు వందల కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. పార్కులలో స్థలము నెలల ముందే అడిగి ఉంచుకోవాలి. మందులు, పచ్చళ్లు చేతికి అందేచోట ఉంచుకోండి. పోపు మాత్రము బయటే పెట్టండి.

మన దేశములోనూ ఇటువంటి బండ్లు వస్తున్నాయి. కేరళ ప్రభుత్వము 2021లో వీటి కోసము ప్రత్యేకముగా ఒక పథకము ప్రకటించింది. అంత లేనివారు కూటములకు వ్యాను మాట్లాడుకుని పోతారు గదా, అప్పుడు కూడా పొయ్యి, చాప వెంట పెట్టుకుని రెండు రాత్రులు కలిసి ఉండి చూడండి. గదులు లేనిచోట మాటలు వస్తాయి.

ఊరికి వచ్చాక

పాకీ పనిని నిషేధిస్తూ మన దేశములో 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా ఇంకొకసారి చట్టాలు వచ్చాయి. మురుగు గుంతలోకి మనిషిని దించడము నేరము. అయినా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాము. మా ఇంటి గుంతకు మేము యంత్రపు బండినే పిలుస్తాము, రెండు రోజులు ఆలస్యమైనా సరే.

మా చర్చి వెనుక రెండు మరుగుదొడ్లు ఉన్నాయి. కూటములప్పుడు వాటిని కడగడానికి ఊరి చివరి నుండి ఎప్పుడూ ఒకే కుటుంబాన్ని పిలిచేవాళ్లము. వారు కూడా మన సంఘస్థులే. మేము తిరిగి వచ్చాక పెద్దల సభలో బాపు లేచి, తన తండ్రి సంగతి అందరి ముందు చెప్పి, ఇకమీదట ఇంటికొక రోజు వంతు పెట్టుకుందామన్నాడు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేచిపోయారు. ఇప్పటికి పదకొండు ఇండ్లవారు పేర్లు ఇచ్చారు.

మొదటి వంతు మాది. డల్లాస్ నుండి తెచ్చుకున్న తొడుగులు ఇంకా బాగానే ఉన్నాయి.